అరుగు మీది మాటలు: బాబాయిగారు హైదరాబాదు వెళ్ళడమా, మానడమా?

హైదరాబాదులో కాపురమున్న కూతురు తండ్రిని తన వద్దకు వచ్చి ఉండమంటున్నది. చెన్నపట్నం వదలి రానని తండ్రి అంటున్నారు. ఇందులో వింత ఏమున్నదని చదువరులు అడగవచ్చును. బెంగుళూరులో గాని, బరంపురంలో గాని, నాగపూరులో గాని మన కుటుంబాలలో ఈ తగవు లేని ఇల్లు వెతికితే తప్ప దొరకదు. అయినా ఈ నెల మన అరుగు మీదికి దీనినే తెచ్చాము. ఈ తగవులో ఆస్తి పంపకం లేదు, అత్తాకోడళ్ళ పేచీ లేదు. ఇరుపక్షాల వారూ మంచివారే. ఇరుపక్షాల మాటా సబబుగానే ఉన్నది. అటువంటి తగవే తీర్చడం కష్టం.

తండ్రిగారిని మేము బాబాయిగారని పిలుస్తాము. రక్తసంబంధం ఏమీ లేదు, వీధి సంబంధమే. 1938లో ఈ పట్నంలోనే పుట్టారు. తెలుగు అచ్చాపీసులు ఇక్కడ కిటకిటలాడిన రోజుల్లో అటువంటి ఒక అచ్చాపీసులో ప్రూఫులు దిద్దుతూ నలభై సంవత్సరాలు గడిపారు. ఆంధ్రదేశమంతా చదివిన పుస్తకాలు ఇక్కడ అచ్చయి రైలెక్కి వెళ్ళినవే గదా. వాటిలో తప్పులు లేకపోతే ఆ పుణ్యంలో తమకూ ఒక దమ్మిడీ వాటా ఉన్నదని ఆయన అంటూ ఉంటారు. మా పిన్ని పోయి మూడేళ్ళు దాటింది. పెరంబూరులో మేడమీద రెండు గదుల వాటాలో ఒక్కరే ఉంటున్నారు. ఈ సంగతి వ్రాయవచ్చునా అని అడిగితే, "పేరు వెయ్యకపోతే ఏమైనా రాసుకో నాయనా, అచ్చుతప్పులు మాత్రం రానీయకు" అని సెలవిచ్చారు.

కూతురి వాదం ముందుగా చెప్పడం న్యాయం. మేడమెట్లు ఇరవైరెండు. తండ్రి తొంభైకి దగ్గర పడ్డారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చిన నాడు వీధిలో మోకాటిలోతు నీళ్ళు, కరెంటు లేదు, ఫోను పలకలేదు. రెండు రోజులు ఆమె అక్కడ అన్నం తిన్నదీ లేదు, కన్ను మూసిందీ లేదు. మూడో నాటికి ఫోను పలికితే, బాబాయిగారు కిందివాటా వారి పిల్లలను పైకి పిలిపించుకొని కొవ్వొత్తి వెలుగులో కథలు చెబుతున్నారట. ఆయనకు అది వేడుక. ఆమెకు అది ఆయుర్దాయంలో కోత. "రాత్రి ఫోను మోగితే చాలు బాబూ, గుండె జారిపోతుంది" అని ఆమె మాతో అన్నప్పుడు మాకు ఎదురు చెప్పడానికి మాట దొరకలేదు.

అంతవరకు బాబాయిగారూ ఒప్పుకుంటారు. ఆయనకు గుచ్చుకున్నది మరొక మాట. "అక్కడ అంతా మనవాళ్ళే నాన్నా. బస్సు మీద బోర్డు తెలుగు, డాక్టరు తెలుగు, కూరలమ్మి తెలుగు. జన్మంతా పరాయి రాష్ట్రంలో గడిపావు. చివరి రోజులైనా మన రాష్ట్రంలో గడపవా?" అన్నదట.

"పరాయి రాష్ట్రం ఏదయ్యా?" అని ఆయన మమ్ములను అడిగారు. ప్రశ్న మాకు కాదు గనుక ఊరుకున్నాము. జవాబు తామే చెప్పారు.

ఈ ఊరి పేరు చూడు, అన్నారు. 1639 ఆగస్టు 22న దామెర్ల వారు ఇంగ్లీషు కంపెనీకి ఈ ఇసుకతిన్నె పట్టా ఇచ్చారు. వారి తండ్రి చెన్నప్పనాయకుని పేరనే చెన్నపట్నమయింది. అట్లా అని ఊరు నాదని నేనను. పేరు పెట్టినవాడికి ఊరు రాసి ఇవ్వరు. కాని పరాయిది అంటే మాత్రం నా చెవికి అచ్చుతప్పులాగా వినబడుతుంది.

తరువాత 1952 సంగతి వచ్చింది. ఇది ఆయన వద్ద చాలాసార్లు విన్నాము, విన్న ప్రతిసారీ ఒక కొత్త ముక్క చేరుతుంది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు. ఆ ఫిబ్రవరిలో చేపాక్‌లో ఇండియా ఇంగ్లండును ఓడించింది. మన దేశానికి టెస్టులలో అదే మొదటి గెలుపు. వినూ మన్కడ్ రెండు ఇన్నింగ్సులలో కలిపి పన్నెండు వికెట్లు తీశాడు. తమ వీధిలో తెలుగు పిల్లలూ, అరవ పిల్లలూ ఒకే గొంతుతో కేకలు వేశారు. అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పట్టారు. డిసెంబరు 15 రాత్రి పోయారు. ఆనాటికి అదే వీధిలో కేకలు రెండయినాయి. మద్రాసు మాదంటే మాదని.

"ఫిబ్రవరిలో నా భుజం మీద చెయ్యి వేసినవాడు డిసెంబరులో వీధికి అవతలి పక్కన నడిచాడయ్యా. వాడి తప్పు లేదు, నా తప్పూ లేదు. సంక్రాంతి నాటికి మళ్ళీ గోలీలాడుకున్నాం."

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది, మద్రాసు రాలేదు. బాబాయిగారి తండ్రి ముందురోజు ఏ గోడకు ఆనుకొని కాఫీ తాగారో ఆ రోజూ అదే గోడకు ఆనుకొని తాగారట. "మేము ఎక్కడికీ పోలేదు. రాష్ట్రమే మమ్మల్ని వదిలి పోయింది" అన్నారు బాబాయిగారు.

ఈ మాట చెన్నపట్నం వారికి మాత్రమే చెందినది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం తెలుగువారు పడుకున్న చోటనే పడుకొని తెల్లవారి మరొక రాష్ట్రంలో లేచారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు పుట్టిన ఊరది. ఆంధ్రరాష్ట్రం వచ్చిన రోజునే బళ్ళారి మైసూరులో కలిసింది. యానాం వారి సంగతి మరీ చిత్రం. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో 1954 దాకా పరాసుల జెండా, ఆ పిమ్మట పుదుచ్చేరి. ఇందరిలో ఎవరు ఎవరికి పరాయి? భాషను బట్టి రాష్ట్రాలు రావడం మంచిదే అని మా అభిప్రాయం. ఆ పనికి ప్రాణమిచ్చిన మహానుభావుడికి తక్కువ కట్టే ఉద్దేశం మాకు లేదు. కాని గీత ఎంత న్యాయంగా గీసినా దానికి రెండు పక్కలు ఉంటాయి. మనం ఈ పక్కన ఉన్నవాళ్ళం.

ఆటల మాట వచ్చింది గనుక మరి రెండు ముక్కలు. 2024 డిసెంబరు 12న సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి గుకేశ్ చదరంగంలో ప్రపంచ విజేత అయినాడు. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్ళు. 1985లో కాస్పరోవ్ విజేత అయిననాటి వయసుకు నాలుగేళ్ళు తక్కువ. చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగువారి బిడ్డ. ఇక చూడండి! అక్కడి ముఖ్యమంత్రిగారు మన తెలుగు అబ్బాయి అని అభినందించారు, ఇక్కడి ముఖ్యమంత్రిగారు మన చెన్నై అబ్బాయి అని అభినందించి 5 కోట్ల బహుమతి ప్రకటించారు. రెండూ నిజమే గనుక ఇద్దరినీ తప్పు పట్టనక్కరలేదు. కాని వారి వెనుక జనం ఫోనులలో మావాడంటే మావాడని జుట్లు పట్టుకున్నారు. బాబాయిగారు ఆ గొడవంతా విని, "గెలిచినప్పుడు ఇద్దరికీ మావాడే. వాడి ఈడు పిల్లలు పరీక్షలో తెలుగు రాస్తామంటే అప్పుడు చూడు, ఎవరికీ మావాడు కాడు" అన్నారు. ఆ పరీక్షల సంగతి తరువాత చెబుతాము.

క్రికెట్టులో మన వలస కుటుంబాల వారి పేర్లు చెప్పడం మొదలుపెడితే బాబాయిగారికి కాఫీ చల్లారినా తెలియదు. నాగపూరులో స్థిరపడ్డ కొఠారి వారి ఇంట పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు పదకొండు. 1932లో లార్డ్సులో ఇండియా ఆడిన మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. మద్రాసులో భారతీయుల క్రికెట్టుకు మూలపురుషుడు బుచ్చిబాబు నాయుడుగారు. తెల్లవారి క్లబ్బులో మనవారికి చోటులేని రోజులలో మనవారి కోసం యునైటెడ్ క్లబ్బు పెట్టించిన దొడ్డమనిషి. ఆయన పేరిట పోటీలు తమిళనాడులో ఇంకా జరుగుతున్నాయి.

ఆ బుచ్చిబాబుగారి కుమారుడు కోట రామస్వామి. 1922లో డేవిస్ కప్పులో మన దేశం తరపున టెన్నిసు ఆడారు. పద్నాలుగేళ్ళ తరువాత, 1936లో, మాంచెస్టరులో మొదటిసారి టెస్టు క్రికెట్టుకు దిగారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండినవి. చేసిన పరుగులు మొదటి ఇన్నింగ్సులో 40, రెండో ఇన్నింగ్సులో 60. (ఆ వయసులో ఉన్న మేము బాబాయిగారి ఇరవైరెండు మెట్లు ఎక్కి, మంచినీళ్ళు అడిగి, పది నిమిషాలకు గాని మాట్లాడలేకపోతున్నాము.) ఆడినవి రెండు టెస్టులే అయినా సగటు యాభై ఆరు దాటింది.

ఆయన కథ చివర మటుకు బాబాయిగారు గొంతు తగ్గిస్తారు. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, రామస్వామిగారు మద్రాసులోని తమ ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమయినారో నేటి వరకు తెలియదు. క్రికెట్టు వారి పంచాంగమైన విజ్డెన్ కొన్నాళ్ళు చూసి, మరణించినట్లు భావించబడుతున్నది అని వేసింది. "ప్రూఫు దిద్దేవాడిని గదా, ఆ వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది" అన్నారు బాబాయిగారు. ఇంతకూ ఈ కథ ఆయన తమ వాదానికి బలమనుకొని చెప్పారో, కూతురి వాదానికి బలమని చెప్పారో మాకు బోధపడలేదు. అడిగితే కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు.

ఇక భోజనం. ఇందులో బాబాయిగారికి అభిప్రాయాలు మెండు.

కిందటి వేసవిలో కూతురి పోరు పడలేక ఒక నెల హైదరాబాదులో ఉండి వచ్చారు. ఆమె ఏ లోటూ చేయలేదు. గోంగూర, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు అన్నీ వండి పెట్టింది. కాని ఆ ఇంట్లో నలుగురికి నాలుగు వేళలు. అల్లుడుగారు కంప్యూటరు ముందు, మనవడు తన గదిలో. మనవరాలు రాత్రి పదిన్నరకు ఫోనులో బిరియానీ తెప్పించుకుంటుంది. కూతురు అందరి తరువాత వంటింట్లో నిలబడి తింటుంది. "ఒక్కడినే బల్ల ముందు కూర్చొని తిన్నానయ్యా, సత్రంలో బాటసారిలాగా. కూర అదిరింది. ఎవరితో చెప్పను?"

ఇక్కడో? పొద్దున ఏడింటికి మెట్లు దిగి వీధి చివరి హోటలుకు వెళతారు. పెట్టెల ఫాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక అరవాయన అప్పటికే చోటు పట్టి ఉంచుతాడు. ముప్పయ్యేళ్ళుగా అదే బల్ల. రెండిడ్లీ, ఒక వడ, సాంబారు వేరే గిన్నెలో, తరువాత డబరాలో కాఫీ. ఆయన అరవంలో రాజకీయాలు మాట్లాడతాడు, ఈయన తెలుగు కలిపిన అరవంలో ఖండిస్తారు. ఒకరోజు ఒకరు రాకపోతే రెండోవారు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. మధ్యాహ్నం తామే కుక్కరు పెట్టుకొని, పప్పూ చారూ చేసుకుంటారు. వారానికొకసారి కిందివాటా వారు అరటికాయ వేపుడు పంపుతారు. వారికి ఈయన ఆవకాయ ఇస్తారు. ఈ ఏడు ఆవకాయ ఎందుకు పలచబడిందని ఆ ఇంటి పిల్లే అడుగుతుంది గాని మన సంఘంలో ఎవరూ అడగరు.

హైదరాబాదులో ఆయనను వేధించినది మరొకటున్నది. పొరుగువాటా ఆయన నాలుగు రోజులు మాట్లాడి, అయిదోనాడు ఎంతో మర్యాదగా, "మీది తమిళనాడా అండీ? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అన్నాడట. మాట మధ్యలో "ఆమా, ఆమా" అనడమూ, పొరపాటున పెరుగును తయిరు అనడమూ ఇందుకు కారణం. జన్మంతా తెలుగు ప్రూఫులు దిద్దిన మనిషికి ఆ మెచ్చుకోలు ఎట్లా ఉన్నదో ఊహించుకోవచ్చును. ఇక్కడ బస్సులో కుర్రవాళ్ళు మనలను గొల్టి అంటారు, అక్కడ అరవవాళ్ళంటారు. "రెండు చోట్లా బిరుదులే. ఇక్కడి బిరుదు అలవాటయింది" అన్నారు బాబాయిగారు.

కెథీడ్రల్ రోడ్డులో 1962లో తెరిచిన ఉడ్‌లాండ్స్ డ్రైవిన్ హోటలు చాలామంది చదువరులకు గుర్తుండే ఉంటుంది. చెట్ల కింద కార్లు, కార్లలోకే ట్రేలు, లోపల ఒక్క కాఫీ మీద గంటలు గడిపే రచయితలూ, సినిమావారూ. 2008లో మూసివేశారు. ఆ చోటనే తరువాత సెమ్మొళి పూంగా అని ఉద్యానవనం పెట్టారు. సెమ్మొళి అంటే ప్రాచీన భాష. మన తెలుగుకూ కేంద్రప్రభుత్వం ప్రాచీన హోదా ఇచ్చింది ఆ 2008లోనే. "హోదా వచ్చిన ఏడే కాఫీ పోయింది. లెక్క సరిపోయింది" అని బాబాయిగారి పరిహాసం.

మన సంఘం ఉగాది విందును గురించి కూడా ఆయనకు ఫిర్యాదున్నది. అది మాకూ ఉన్నది గనుక వ్రాస్తున్నాము. బంతి ఎత్తివేసి నిలబడి తినే పద్ధతి పెట్టారు. ఎనభై ఏళ్ళవారు పళ్ళెం ఒక చేత, చేతికర్ర ఒక చేత పట్టుకొని మూడో చెయ్యి కోసం వెతుక్కున్నారు. వంట గుత్తకు తీసుకున్నవారు ముందు సాంబారు పెట్టారు, పప్పు అసలే లేదు. గోంగూర గిన్నె మీద పులిచ్చకీరై అని చీటీ! కీరై అయితేనేం, రుచి అదే గదా అని ఒక కార్యవర్గ సభ్యుడు అన్నాడు. మన ఇంటి పండుగనాడు మన ఆకుకూరకు మన పేరు పెట్టుకోలేనివాళ్ళం, బోర్డుల మీద భాష కోసం ఎవరిని అడగగలం? వచ్చే ఉగాదికి పెద్దలకైనా కుర్చీలు వేసి, ఆకులు పరచి, పప్పుతో మొదలుపెట్టవలసినదని ఈ పుట ద్వారా కోరుతున్నాము.

మార్గశిరం వచ్చిందంటే బాబాయిగారు సభల చుట్టూ తిరుగుతారు. టిక్కెట్టు లేని పగటి కచేరీలే. పాడేవారు అరవపిల్లలు, వినేవారు అరవ మామీలు, మాట మటుకు తెలుగు. పక్కన కూర్చున్న మామి చిన్న పుస్తకంలో రాగం, తాళం వ్రాసుకొంటూ, పదం తెలియని చోట ఈయనను అడుగుతుంది. గాయకుడు మాటను విరగగూడని చోట విరిస్తే ఈయన చెయ్యి తొడ మీద ప్రూఫు గుర్తు వేస్తుంది! "త్యాగయ్యగారు మనలాంటివాడేనయ్యా" అంటారు. కాకర్ల వారి బిడ్డ, 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కాపురముండి 1847లో అక్కడే పోయారు. ఆంధ్రదేశంలో స్థిరనివాసం లేదు. అరవదేశం నడిబొడ్డున కూర్చొని తెలుగులో పాడితే దాచుకున్నవారు అరవవారు. 1940లలో తమిళ పాటకు కచేరీలో చోటు కావాలని ఉద్యమం లేచింది. అది వారికి న్యాయమే. అయినా తెలుగు కృతిని వారు పారవేయలేదు. హైదరాబాదులోనూ సభలున్నాయి, మంచి విద్వాంసులున్నారు. ఆ ఊరికి అన్యాయం చేయడం మాకు ఇష్టం లేదు. కాని ఆ మామి అక్కడ ఉండదు.

వర్తమాన విషయాలలో బాబాయిగారు చదివేవి రెండు పత్రికలు, తెలుగు ఒకటి, అరవం ఒకటి. టీవీ చర్చలు చూడరు. ఎనిమిదిమంది ఒకేసారి మాట్లాడితే ప్రూఫు ఎవరు చూస్తారని అడుగుతారు. 2025లో హిందీని గురించీ, మూడు భాషలను గురించీ ఢిల్లీకీ ఇక్కడికీ పెద్ద రభస జరిగింది. ఆయన రెండు పత్రికలూ చివరిదాకా చదివి మడిచిపెట్టి, "అందులో మనం ఎక్కడున్నాం?" అన్నారు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా వ్రాయించుకున్నవారు సుమారు 42 లక్షలు. ఇంతమందిని గురించి అటువారూ అనలేదు, ఇటువారూ అనలేదు. 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చి, 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. తెలుగులో పరీక్ష వ్రాస్తామనే పిల్లలు అప్పటి నుంచి కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

బాబాయిగారు తమిళానికి విరోధి కారు. "తినే ఇడ్లీకి, తాగే నీటికి ఆ భాష నేర్చుకోవాలి. నేను నేర్చుకోలేదా? కొత్త చుట్టం వస్తే కుర్చీ వెయ్యాలి, అమ్మను లేపి కాదు" అంటారు. ఇంతవరకు మేమూ ఒప్పుకుంటాము. ఇక్కడి నుంచి మాకూ ఆయనకూ భేదం. తప్పంతా చట్టానిదే అని ఆయన. మన ఇళ్ళలో ఎందరు పిల్లలకు అక్షరాలు దిద్దించారు? చట్టం రాకముందే మన తెలుగు బడులలో బెంచీలు ఖాళీ కాలేదా? మన మాసపత్రికను ఇంట్లో ఎవరు చదువుతారంటే, మా అత్తగారు అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఈ ప్రశ్న వేసినప్పుడు బాబాయిగారు జవాబు చెప్పలేదు. తమ కొడుకు పిల్లలు అమెరికాలో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఆ సంగతి మాకు తెలుసునని ఆయనకూ తెలుసు.

మరి తీర్పు? కూతురు మొన్న వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాము. మాకు తోచినది ఇది. పెద్దవారిని కదిలించే ముందు, వారికి అక్కడ ఏమి దొరుకుతుందని మాత్రమే లెక్క వేస్తున్నాము. మంచి డాక్టరు, లిఫ్టు, కూతురి చేతి వంట. ఇవి చిన్నవి కావు. కాని ఇక్కడ పోయేవాటికి ఎవరూ చిట్టా వ్రాయరు. ఏడు గంటల బల్ల, మామి అడిగే పదం, కిందింటి పిల్ల అడిగే ఆవకాయ. ఎనభై ఆరుకు పైబడ్డవాడు అక్కడికి వెళ్ళి ఇవన్నీ మళ్ళీ కూడబెట్టలేడు. మరొక పక్క, మెట్ల మీద కాలు జారితే ఇడ్లీ బల్ల వచ్చి లేవదీయదు. కూతురి నిద్రకు కూడా విలువ ఉన్నది. తండ్రి పంతం కోసం ఆమె ప్రతి రాత్రీ ఫోను పక్కన పడుకోవాలనడం న్యాయం కాదు. ఈ మాట మేము బాబాయిగారి ముఖం మీదనే అన్నాము. ఆయన నొచ్చుకున్నారు. కాసేపటికి, "అది నిజమేలే" అన్నారు.

అందుమీద ఇద్దరూ కొంత దిగివచ్చారు. బాబాయిగారు మేడమీది వాటా వదలి, అదే వీధిలో నేలమీద ఖాళీ అయిన ఒంటిగది వాటాకు మారడానికి ఒప్పుకున్నారు. పుస్తకాల బీరువా పట్టదని బెంగ. వేసవిలో నెలన్నర హైదరాబాదులో ఉండడానికీ ఒప్పుకున్నారు. ఆ రోజులలో రాత్రి భోజనం అందరూ ఒకే వేళకు కూర్చొని తినాలని షరతు పెట్టారు. మనవరాలు సరేనన్నదట, బిరియానీ కూడా ఆ బల్ల మీదికే తెస్తానన్నదట. కూతురు పెట్టిన షరతు ఒక్కటే. రోజూ సాయంకాలం ఎవరో ఒక మనిషి తలుపు తట్టి, తండ్రిని కళ్ళారా చూసి, తనకు ఫోనులో ఒక ముక్క చెప్పాలి. పొద్దుటి సంగతి ఇడ్లీ స్నేహితుడు చూసుకుంటాడు. సాయంకాలాలు ఏడుకు ఏడూ నిండితే సంక్రాంతికి తీసుకుపోయే ప్రయత్నం మానుకొని, వచ్చే ఏడు చూద్దామన్నది. నిండకపోతే రైలు టిక్కెట్టు కొంటుంది.

కిందటి ఆదివారం సంఘం సమావేశంలో ఈ సంగతి చెప్పాము. వార్షికోత్సవం వేదిక అలంకారం మీద గంటన్నర చర్చ జరిగిన పిమ్మట మాకు అయిదు నిమిషాలు దొరికినవి. అయినా ముగ్గురు లేచారు. మంగళవారం ఒక బ్యాంకు ఉద్యోగి, శుక్రవారం ఒక ఇల్లాలు, ఆదివారం ఇంజనీరింగు చదివే కుర్రవాడు. కుర్రవానికి తెలుగు చదవడం రాదు. తలుపు తట్టినందుకు కూలిగా వారానికి ఒక పుట చదివించమని అడిగాడు. బాబాయిగారు అప్పుడే పాత పెద్దబాలశిక్ష వెతికి పెట్టుకున్నారు. సోమవారం మేము తీసుకున్నాము.

బుధవారం, గురువారం, శనివారం ఖాళీగా ఉన్నవి. పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం ప్రాంతాల చదువరులలో ఎవరైనా ఒక సాయంకాలం ఇవ్వగలిగితే సంఘం కార్యాలయంలో పేరు చెప్పవలసినది. అరగంట చాలును. కాఫీ ఆయనే ఇస్తారు. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఇటువంటి ఏర్పాటు నడుపుకొంటున్న వారుంటే, అది ఎట్లా నడుస్తున్నదో, ఎక్కడ చెడుతున్నదో మాకు వ్రాయండి. వచ్చే సంచికలో ఈ పుటను ఆ ఉత్తరాలకే వదలిపెడతాము. ప్రూఫులు బాబాయిగారే చూస్తామన్నారు.